వంగిన బురుజు

జగన్మోహన్ ఆ బొమ్మను ఫ్రేమ్ కోసం కొన్నాడు. ఆయన న్యూజెర్సీ రాష్ట్ర ప్రభుత్వంలో వంతెనలు తనిఖీ చేసే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాడు. వీడ్కోలు రోజున ఆఫీసువాళ్లు ఇచ్చిన ఒక వంతెన ఫోటో చాలాకాలంగా అట్టపెట్టెలో పడి ఉంది. 2008 వసంతంలో, ఐసెలిన్‌లో వాళ్ల వీధి చివర ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ ముందు సామాన్లు అమ్మకానికి పెట్టారు. ఆ ఫోటోకు సరిగ్గా సరిపోయే వాల్‌నట్ ఫ్రేమ్ ఆయనకు అక్కడ దొరికింది. అందులో ఏదో పాత బొమ్మ ఉంది. తీసి పారేస్తే సరిపోతుంది అనుకున్నాడు.

డైనింగ్ టేబుల్ మీద ఫ్రేమ్ బోర్లా పెట్టి వెనక మేకులు లాగబోతుంటే ఆయన భార్య ఛాయాదేవి కాఫీ కప్పుతో వచ్చింది.

"ఆగండి. ఏముంది అందులో?"

"ఏదో కొండ. ఫ్రేమ్ మాత్రం చాలా స్ట్రాంగ్‌గా ఉంది."

ఆవిడ ఫ్రేమ్ తిప్పి చూసింది. ఇరుకైన లోయ. లోయకు అడ్డంగా రాతి వంతెన, దాని కింద ఏరు. వెనక, నల్లటి గుట్ట మీద శిథిలమైన కోట, అందులో ఇంకా నిలబడి ఉన్న ఒక ఎత్తైన బురుజు. వంతెన మీద చీమల్లాంటి మనుషులు. కింద ఫ్రెంచిలో ఏదో ఊరి పేరు, ఒక మూల లమార్సే అన్న సంతకం, 1838 అన్న సంవత్సరం.

ఛాయాదేవి కాఫీ తాగడం మరిచిపోయింది. గుంటూరులో డాక్టరు చదువు పూర్తి చేసి డెబ్బైల్లో అమెరికా వచ్చినప్పటి నుంచి ఆవిడ రేడియాలజిస్టు. ఆడవాళ్ల రొమ్ముల ఎక్స్‌రేలు చూసి, అనుమానం ఉన్నవాళ్లను మళ్లీ పిలిపించడం ఆవిడ పని. అరవై దాటాక వారంలో కొన్ని రోజులే ఆసుపత్రికి వెళుతోంది గాని, పని మాత్రం అదే. అంటే జీవితమంతా బూడిదరంగులు చూస్తూ గడిపిన మనిషి. ఈ బొమ్మలో ఉన్నవి కూడా బూడిదరంగులే. దగ్గరగా చూస్తే ఎక్కడా గీత అన్నది లేదు. నలుసుల్లాంటి చుక్కలు ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా పరుచుకుని, కొండగా, నీడగా, దూరపు పొగమంచుగా మారిపోతున్నాయి.

"దీన్ని తియ్యడానికి వీల్లేదు," అంది.

"మరి నా ఫోటో?"

"పెట్టెలో బాగానే ఉంది కదా."

బొమ్మ లివింగ్ రూమ్‌లో సోఫా ఎదురుగా గోడకెక్కింది. జగన్మోహన్ రోజూ దాని ఎదురుగానే కూర్చుని పేపరు చదవాలి. కొద్ది రోజులు ఊరుకున్నాడు. తర్వాత ఉండబట్టలేకపోయాడు.

"ఆ వంతెన నిలబడదు."

"ఏ వంతెన?"

"ఆ బొమ్మలోది. మధ్యలో స్తంభం చూడు, ఎంత సన్నంగా ఉందో. పక్కన కొండ అంత నిటారుగా ఉంటే వానాకాలంలో ఆ ఏరు ఎలా వస్తుంది? ఒక్క వరద చాలు."

"నూట డెబ్బై ఏళ్ల కింద వేసిన బొమ్మ అండీ. కూలితే ఈపాటికి కూలే ఉంటుంది."

ఆయనకు ఆ జవాబు తృప్తినివ్వలేదు. ఛాయాదేవి లైబ్రరీ నుంచి రెండు పుస్తకాలు తెచ్చుకుంది. ఆ కాలపు ఫ్రెంచి చిత్రకారులు ఊళ్లు తిరుగుతూ పాత కోటలు, గుళ్లు, లోయలు బొమ్మలు వేసేవారట. వాటిని రాతి మీదకు ఎక్కించి అచ్చు వేసి ఆల్బమ్‌లుగా అమ్మేవారట. ఉన్నది ఉన్నట్టు వేసేవారు కాదట. కొండను కాస్త ఎత్తు పెంచేవారు, నీడను కాస్త చిక్కబరిచేవారు, మనిషిని కాస్త చిన్నవాడిని చేసేవారు. చూసేవాడికి భయమూ ఆనందమూ ఒకేసారి కలగాలని.

"అబద్ధం అన్నమాట," అన్నాడు జగన్మోహన్.

"స్టైల్," అంది ఛాయాదేవి.

ఎండాకాలం వచ్చాక ఆవిడ ఒక కొత్త సంగతి కనిపెట్టింది. పొద్దున్నే భూతద్దంతో బొమ్మ చూడటం ఆవిడకు అలవాటైంది. భూతద్దం ఎప్పుడూ కుడి కంటి ముందే పట్టుకునేది.

"వంతెన సంగతి అలా ఉంచండి. ఆ బురుజు చూశారా? నడుము దగ్గర ఎంత బాగా వంచాడో!"

జగన్మోహన్ పేపరు దించి చూశాడు. "ఎక్కడ వంచాడు?"

"మధ్యలో. ముసలాయన ఒక కాలి మీద బరువు వేసి నిలబడ్డట్టు. చాలా సటిల్‌గా వేశాడు."

"నిటారుగానే ఉంది ఛాయా."

"మీరు చూసే పద్ధతి వేరు."

ఇలాంటి మాటలకు ఆయన దగ్గర మాటలతో జవాబు ఉండదు. బేస్‌మెంట్‌కు వెళ్లి స్టీలు స్కేలు తెచ్చాడు. అద్దం మీద స్కేలు ఆనించి చూపించాడు. బురుజు అంచు స్కేలుతో పాటే పైదాకా వెళ్లింది. ఛాయాదేవి వంగి చూసింది.

"మీ స్కేలు కూడా వంగినట్టే ఉంది," అంది.

ఇది నవ్వులాట అనుకున్నాడాయన. ఆవిడ కూడా నవ్వింది. ముప్పై ఏళ్లకు పైగా తప్పులు పట్టుకోవడమే ఉద్యోగంగా బతికిన ఇద్దరు మనుషులు ఒక ఇంట్లో ఉంటే ఇలాంటివి మామూలే.

మరుసటి వారం ఆయన ఒక దారానికి ఇనుప నట్టు కట్టి, ఫ్రేమ్ పైనుంచి బురుజు పక్కగా వేలాడదీశాడు. అది అక్కడే ఉండిపోయింది. తెలుగు సంఘం స్నేహితులు భోజనానికి వస్తే ఛాయాదేవి వాళ్లకు బురుజు వంపు గురించి చెప్పింది, జగన్మోహన్ నట్టు గురించి చెప్పాడు. వచ్చినవాళ్లు బొమ్మ వైపు చూసి, నట్టు వైపు చూసి, పప్పు చాలా బాగుందన్నారు.

శాంటా క్లారాలో ఉన్న కూతురు స్మృతి ఆదివారం ఫోన్ చేస్తే ఇద్దరూ స్పీకర్ పెట్టి చెరో వైపు నుంచి వాదన వినిపించారు. స్మృతి అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. ఆమె తెలుగుకు తనదైన వ్యాకరణం ఉంది.

"మామ్, డాడ్, స్టాప్. మీరు ఎవరో ఎక్స్‌పర్ట్‌ని అడుగు. మ్యూజియమ్‌లో పీపుల్ ఉంటుంది కదా."

"అడుగుతాం," అన్నాడు జగన్మోహన్. "వాళ్లు చెప్పింది అమ్మ ఒప్పుకుంటుందా అన్నదే సందేహం."

"నేనే బుక్ చేస్తాను అపాయింట్‌మెంట్," అంది ఛాయాదేవి.

గంట దూరంలో ఒక యూనివర్సిటీ మ్యూజియం ఉంది. అక్కడ పాత అచ్చుబొమ్మలు భద్రపరిచే గదికి మార్గరెట్ అనే ఆవిడ అధికారి. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఈ దంపతులు ఫ్రేమ్‌ను దుప్పట్లో చుట్టి కారు వెనక సీటుకు బెల్టు పెట్టి తీసుకెళ్లారు.

మార్గరెట్ బొమ్మను ఫ్రేమ్‌లోంచి విప్పి మెత్తటి అట్ట మీద పరిచింది. ఇంజనీరునూ డాక్టరునూ మార్చి మార్చి చూస్తూ నెమ్మదిగా ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. ఇది లితోగ్రాఫ్. సున్నపురాయిని నునుపు చేసి, జిడ్డు ఉన్న నల్ల చాక్‌పీసు లాంటి దానితో దాని మీద తిన్నగా బొమ్మ వేస్తారు. తర్వాత రాయిని తడిపితే ఖాళీగా ఉన్న చోట నీళ్లు నిలుస్తాయి. సిరా రోలర్ దొర్లిస్తే జిడ్డు ఉన్నచోటే అంటుతుంది. దాని మీద కాగితం పెట్టి నొక్కితే బొమ్మ.

"చెక్కడం ఏమీ లేదా?" అన్నాడు జగన్మోహన్.

"లేదు. అందుకే చేతి ఒత్తిడి ఎంత ఉంటే అంత నలుపు. ఈ చుక్కలు చూడండి, అవి రాతి గరుకు. ఈ ఏటి మీద తెల్లటి మెరుపు మాత్రం తర్వాత కత్తితో గీకింది."

"వంతెన మీద మనుషులు?"

"వాళ్లను వేరే ఆయన వేసి ఉండొచ్చు. కొండలు ఒకరు, మనుషులను ఇంకొకరు వేయడం అప్పట్లో మామూలే. ఆ రెండో ఆయన ఈ ఊరు చూసి ఉండకపోవచ్చు కూడా."

జగన్మోహన్‌కు ఇది బాగా నచ్చింది. వంతెన మీద అంత ధైర్యంగా ఎందుకు నడుస్తున్నారో ఆయనకు ఇప్పుడు అర్థమైంది.

"బురుజు సంగతి అడగండి," అంది ఛాయాదేవి. ఆయన అడగకముందే తనే అడిగింది. "ఈ బురుజుకు నడుము దగ్గర చిన్న వంపు ఉంది కదా. అది ఈ చిత్రకారుడి ప్రత్యేకతా, లేక ఆ కాలంలో అందరూ ఇలాగే వేసేవారా?"

మార్గరెట్ వంగి చూసింది. చాలాసేపు చూసింది. "లమార్సే మొదట ఆర్కిటెక్టు దగ్గర పనిచేశాడు," అంది చివరికి. "కొండలను పెంచుతాడు, మబ్బులను పెంచుతాడు గాని, కట్టడాల దగ్గర మాత్రం చాలా క్రమశిక్షణ. నాకు వంపు కనిపించడం లేదు. ఉండండి, మా దగ్గర ఇదే బొమ్మ ఇంకో కాపీ ఉంది."

సొరుగులోంచి రెండో కాపీ తెచ్చి పక్కన పెట్టింది. అది ఇంకా నల్లగా, తాజాగా ఉంది. ఛాయాదేవి భూతద్దం తీసుకుని కుడి కంటితో చూసింది.

"ఇందులోనూ ఉంది. సరిగ్గా అక్కడే. చూశారా?"

మార్గరెట్ మర్యాదగా తల ఊపింది. జగన్మోహన్‌కు గెలవాలని ఉంది గాని, భార్య గొంతులో ఆ ఉత్సాహం విన్నాక గెలుపు కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదనిపించింది.

ఛాయాదేవి చూపు బురుజు మీంచి దించి వంతెన మీదకు తెచ్చింది. వంతెన పిట్టగోడ తిన్నగా ఉండాలి. ఆవిడ చూపు ఆనిన చోట పిట్టగోడ వంగింది. తలెత్తి కిటికీ వైపు చూసింది. కిటికీ ఊచ వంగింది. మార్గరెట్ వెనక ఉన్న బీరువా అంచు వంగింది. ఎక్కడ చూస్తే అక్కడ, సరిగ్గా మధ్యలో, అంతే అందంగా వంగింది.

ఆవిడ అరచేత్తో కుడి కన్ను మూసుకుని మళ్లీ బొమ్మ చూసింది. బురుజు నిటారుగా నిలబడింది. చెయ్యి తీసి ఎడమ కన్ను మూసుకుంది. బురుజు వంగింది.

"ఏమండీ," అంది తెలుగులో, చాలా మామూలుగా. "బురుజు బాగానే ఉంది. నా కన్నే బాగాలేదు."

"అంటే?"

"మాక్యులా, కంటి వెనక పొరకు నడిమి భాగం. చాలా రోజుల నుంచి అయ్యుంటుంది. ఎడమ కన్ను సర్దుకుపోతుంటే తెలియలేదు." తర్వాత మార్గరెట్ వైపు తిరిగి ఇంగ్లీషులో, "మీరు చెప్పింది నిజమే. లమార్సే నిలువు అంచులు చాలా బాగున్నాయి. మీ ఫోన్ ఒకసారి వాడుకోవచ్చా?" అంది.

జగన్మోహన్ బొమ్మను మళ్లీ ఫ్రేమ్‌లో పెట్టించి దుప్పట్లో చుట్టాడు. రెండుసార్లు చుట్టాడు. కారు దగ్గరకు వచ్చాక తాళంచెవి కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. అది చేతిలోనే ఉంది.

"నేను చెప్పినప్పుడే..." అన్నాడు దారిలో.

"మీరు కన్ను బాగాలేదని చెప్పలేదు. బురుజు నిటారుగా ఉందన్నారు."

"నువ్వు డాక్టర్‌వి. నీకు తెలియాలి కదా."

"తెలియాలి," అంది ఛాయాదేవి.

రెటీనా డాక్టరు అనూప్ వాళ్ల స్నేహితుల కొడుకే. పుట్టినప్పటి నుంచి తెలిసిన పిల్లవాడు. స్కాన్ చూసి మొదట "ఆంటీ" అన్నాడు. తర్వాత గొంతు సవరించుకుని "డాక్టర్" అన్నాడు. మళ్లీ "ఆంటీ" దగ్గరకు వచ్చాడు.

"వెట్ మాక్యులర్ డీజనరేషన్, ఆంటీ. రెటీనా వెనక లీక్ అవుతోంది. బట్ వి కాట్ ఇట్ ఎర్లీ. ఇంజెక్షన్స్ ఉన్నాయి ఇప్పుడు. కొన్ని ఇయర్స్ ముందు అయితే ఏమీ చెయ్యలేము."

"ఇంజెక్షన్ ఎక్కడ?" అన్నాడు జగన్మోహన్.

"కంట్లో, అంకుల్."

జగన్మోహన్ కుర్చీలో కూర్చున్నాడు. వందల అడుగుల ఎత్తున వంతెనల కింద తాళ్లకు వేలాడిన మనిషి. భార్య కంట్లోకి సూది వెళుతుంటే చెయ్యి పట్టుకోవడానికని లోపలికి వెళ్లాడు. చివరికి కళ్లు తిరిగిన ఆయనకు నర్సు ఆపిల్ జ్యూస్ ఇచ్చింది. ఛాయాదేవి కంటికి కట్టుతో వచ్చి ఆయనను లేపి తీసుకెళ్లింది.

ఆ రాత్రి ఆవిడకు నిద్ర పట్టలేదు. కన్ను నొప్పి వల్ల కాదు. రొమ్ము ఎక్స్‌రేలో రేడియాలజిస్టులు వెతికే ముఖ్యమైన లక్షణాల్లో ఒకటి, కణజాలపు పోగులు ఉండవలసిన చోట తిన్నగా ఉండకుండా లోపలికి లాగినట్టు వంగి ఉండటం. వంపు కనబడితే అనుమానించాలి. ఈ వేసవి అంతా ఆవిడ వంపులు చూస్తూనే ఉంది.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లి తన పై అధికారితో జరిగింది చెప్పింది. ఆయన ముందు బొమ్మ గురించి అర్థం చేసుకోవడానికి కొంత సమయం తీసుకున్నాడు.

"ఈ సంవత్సరం నేను చూసిన ఫిల్ములన్నీ ఇంకెవరైనా మళ్లీ చూడాలి," అంది ఛాయాదేవి.

"అన్నీనా? మీ రికార్డులో ఇంతవరకు ఒక్క కంప్లయింట్ లేదు."

"అన్నీ. నేను చూడను ఇంక, కన్ను సంగతి తేలేదాకా."

ఆయన ఒప్పుకున్నాడు. ఇద్దరు డాక్టర్లు ఆ పని మొదలుపెట్టారు. ఆ వారాలు ఛాయాదేవికి చాలా పొడుగ్గా గడిచాయి. వంట చేసింది, గరాజ్ సర్దింది, ఓక్ ట్రీ రోడ్ మీద చీరల కొట్లకు వెళ్లి ఏమీ కొనకుండా తిరిగి వచ్చింది. ఫోన్ మోగితే ముందు జగన్మోహనే లేచి తీసేవాడు. ఎవరిదో చెప్పాక ఆవిడ మళ్లీ కూర్చునేది.

"ఒకవేళ ఏదైనా మిస్సై ఉంటే?" అంది ఒక సాయంత్రం.

ఊరికే ధైర్యం చెప్పడం ఆయన వృత్తిలో లేదు. "నేను ఒకసారి వంతెన పాస్ చేశాక వారం రోజులు రోజూ దాని కిందికి వెళ్లి చూసొచ్చాను," అన్నాడు. "పడలేదు. కానీ వెళ్లి చూడటం మాత్రం తప్పు కాదు."

అక్టోబరు చివర ఫలితం వచ్చింది. జబ్బు ఉండి కూడా ఆవిడ కంటపడకుండా పోయిన మనిషి ఒక్కరూ లేరు. అయితే ఆ వేసవిలో ఆవిడ అవసరం లేకపోయినా మళ్లీ రమ్మని పిలిపించిన ఆడవాళ్లు కొందరు ఉన్నారు. రెండోసారి తీసిన ఎక్స్‌రేల్లో వాళ్లకు ఏమీ లేదని అప్పుడే తేలింది. ఈలోగా వాళ్లు కొన్ని రాత్రులు భయపడి ఉంటారు. అంతే.

అంతే అని అధికారి అన్నాడు. ఛాయాదేవి అనలేదు. వాళ్లందరికీ తనే ఫోన్ చేసి చెబుతానంది. ఆసుపత్రివాళ్లు కొంచెం ఆలోచించి, అధికారి పక్కన కూర్చుంటే సరేనన్నారు.

ఒకావిడ కోప్పడింది. ఒకావిడకు అసలు గుర్తులేదు. కొందరు థాంక్స్ చెప్పి తొందరగా పెట్టేశారు. స్కూలు బస్సు నడిపే ఒకావిడ మాత్రం అంతా విని అడిగింది.

"అయితే నా రొమ్ము బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"మరి మీ కన్ను?"

"నయమవుతోంది."

"అయితే ఇద్దరం బాగానే ఉన్నాం," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఛాయాదేవి రిసీవర్ పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. అధికారి గోడ మీది క్యాలెండర్ చదివాడు.

ఇంజెక్షన్లు నెలనెలా సాగాయి. జగన్మోహన్ వెయిటింగ్ రూమ్‌లోనే కూర్చునేవాడు. చలికాలం గడిచేసరికి బురుజు కొంచెం కొంచెంగా నిటారైంది. మంచి వార్తే. అనూప్ సంతోషించాడు, స్మృతి ఫోన్‌లో అరిచింది, జగన్మోహన్ ఫ్రేమ్ మీది దారాన్నీ నట్టునూ తీసి బేస్‌మెంట్‌లో పెట్టాడు. ఛాయాదేవి సోఫాలో కూర్చుని బొమ్మను చూసింది. కొండ కొండలాగే ఉంది, నీడలు నీడల్లాగే ఉన్నాయి, బురుజు స్కేలు పెట్టి గీసినట్టు ఉంది.

"ఎలా ఉంది?" అన్నాడు జగన్మోహన్.

"కరెక్ట్‌గా ఉంది," అంది ఆవిడ. "ముందే బాగుండేది."

ఆసుపత్రి మళ్లీ రమ్మంది. చూపు సరిపోతుందని అనూప్ కూడా కాగితం ఇస్తానన్నాడు. ఆవిడ వద్దంది. తన కన్ను చెప్పేదాన్ని తను నమ్మొచ్చు గాని, ఇంకొకరి ఒంటి విషయంలో దాన్ని నమ్మే పని ఇక చెయ్యనంది. దీని మీద ఇంట్లో వాదన జరగలేదు. కొన్ని రోజులు మాత్రం ఆవిడ పొద్దున్నే ఆఫీసు చీర కట్టుకుని, ఎక్కడికీ వెళ్లేది లేక, మళ్లీ మార్చుకుంది.

వసంతంలో మార్గరెట్ ఫోన్ చేసింది. కన్ను ఎలా ఉందో కనుక్కుని, అచ్చుబొమ్మల గదిలో సాయం చెయ్యడానికి వాలంటీర్లు కావాలంది. ఒకే రాయి మీంచి చాలా కాపీలు తీస్తే రాయి అలసిపోతుంది. లేత బూడిదరంగులు ముందు పోతాయి. ఏది తొలి కాపీ, ఏది ఆఖరిది అని గుర్తుపట్టాలంటే బూడిదరంగులు తెలిసినవాళ్లు కావాలి.

"రెండు కళ్లతోనూ చూస్తాను," అంది ఛాయాదేవి. "ఒక్కొక్కదానితో విడిగా."

"మీకు ఎలా వీలైతే అలా," అంది మార్గరెట్.

ఇప్పుడు ఆవిడ గురువారాలు అక్కడ ఉంటుంది. జెర్సీ సిటీ నుంచి ఒక వృద్ధుల బృందం బస్సులో వచ్చిన రోజు, మార్గరెట్‌కు జలుబు చేయడంతో బొమ్మలు చూపించే పని ఛాయాదేవి మీద పడింది. ఆవిడ వాళ్లను బల్ల చుట్టూ నిలబెట్టి, సున్నపురాయి గురించి, జిడ్డు గురించి, ఎత్తు పెంచిన కొండల గురించి, ఊరు చూడకుండానే మనుషులను వేసిన ఆయన గురించి చెప్పింది.

"ముందు కుడి కన్ను మూసుకుని చూడండి," అంది తర్వాత. "ఇప్పుడు ఎడమ కన్ను మూసుకుని. కట్టడాల అంచులు రెండింటికీ ఒకేలా ఉన్నాయా?"

అందరూ శ్రద్ధగా అరచేతులు కళ్లకు అడ్డం పెట్టుకున్నారు. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు బొమ్మలను ఇలాగే చూసేవారు కాబోలు అనుకున్నారు. ఒకాయన పక్కావిడకు అదే చెప్పాడు కూడా. ఛాయాదేవి సరిదిద్దలేదు. అందరూ ఒకేలా ఉన్నాయనేదాకా ఆగి, తర్వాతి బొమ్మకు వెళ్లింది.

తలుపు దగ్గర నిలబడి ఉన్న జగన్మోహన్ ఒక కన్ను మూసుకుని చూశాడు, ఇంకో కన్ను మూసుకుని చూశాడు. రెండూ సరిగ్గానే ఉన్నాయని తేల్చుకుని, కారు పార్కింగ్ మీటర్‌లో చిల్లర వెయ్యడానికి బయటికి వెళ్లాడు.